వెనుకబడిన విద్యార్థి - అడ్డంకిని కనుగొనుట

ప్రతి తరగతిలోను కొందరు విద్యార్థులు వెనుకబడుచుందురు. ఉపాధ్యాయుడు ప్రశ్నించినప్పుడు వారు తల వంచుకొందురు. వ్రాయుమన్నచో ప్రక్కవాని పుస్తకమువైపు చూతురు. పరీక్షలు సమీపించినకొలది బడికి వచ్చుట తగ్గింతురు. అట్టివారిని గూర్చి పెద్దలు తేలికగా పలుకు మాట యొకటి కలదు: "వానికి చదువబ్బదు." ఈ మాట పలుమారులు చెవినిబడిన పిల్లవాడు కొలదికాలమునకే దానిని నమ్మును. తల్లిదండ్రులును నమ్ముదురు. పిమ్మట వాని దారి పాఠశాలనుండి నూలుమిల్లునకో, కొబ్బరితోట పనికో మరలిపోవును.

ఈ తీర్పు చెప్పుటకు ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదని మేము తలంచుచున్నాము. "ఈ బిడ్డకు అడ్డము వచ్చుచున్నది ఏది?" అనునదే ఆ ప్రశ్న. కారణము తెలియని జ్వరమునకు మందీయరాదని వైద్యులు చెప్పుదురు. చదువునందలి వెనుకబాటు కూడ అట్టిదే. దానికి కారణము భాష కావచ్చును, కన్ను కావచ్చును, చెవి కావచ్చును, ఆకలి కావచ్చును, అక్షరములను గుర్తించుటలో పుట్టుకతో వచ్చిన ఒక చిక్కు కావచ్చును. ఒక్కొక్క దానికి సాయము వేరు. కనుక మొదట కారణమును వెదకి, తరువాత సాయము చేయుట పాఠశాల కర్తవ్యము. రెండు భాషల నడుమ బ్రతుకుచున్న మన ప్రాంతమున ఈ వెదకులాటకు ప్రత్యేకమైన జాగ్రత్త కావలెను.

మన పిల్లల నాలుగు భాషలు

ఉడుమలైపేట 2009 వరకు కోయంబత్తూరు జిల్లాలోను, నాటినుండి తిరుప్పూరు జిల్లాలోను ఉన్నది. ఈ సీమలోని తెలుగువారిలో పలువురి పూర్వులు విజయనగర రాజుల కాలమునను, 1529 మొదలు 1736 వరకు మధురనేలిన నాయకరాజుల కాలమునను దక్షిణమునకు వచ్చి స్థిరపడినవారు. అన్ని తరములు గడచినను ఇంటిలో తెలుగు నిలిచియున్నది. ఇది మనకు గర్వకారణమే. కాని ఆ తెలుగు చాల ఇండ్లలో నోటినుండి చెవికి దిగివచ్చిన తెలుగేగాని, పుస్తకమునుండి వచ్చినది కాదు. అందులో తమిళపదములు పాలలో నీళ్లవలె కలిసిపోయినవి. ఆంధ్రదేశమున కాలక్రమమున మారిన మాటలు కొన్ని ఇచ్చట మారలేదు. అచ్చట నిలిచినవి కొన్ని ఇచ్చట నిలువలేదు.

కావున మన బాలుడు మొదటి తరగతిలో కూర్చుండునప్పుడు వాని ఎదుట నాలుగు భాషలున్నవని చెప్పవలెను. మొదటిది ఇంటి తెలుగు. రెండవది పుస్తకపు తెలుగు. మూడవది వీధిలోను, అంగడిలోను, ప్రభుత్వ కార్యాలయములలోను వినవచ్చు తమిళము. నాలుగవది ఆంగ్లము. "మన పిల్లవాడు తెలుగువాడే గదా, తెలుగు పుస్తకము చదువుటకు కష్టమేమి?" అని కొందరు తల్లిదండ్రులు ఆశ్చర్యపడుదురు. ఇంటిలో ఎన్నడును విననట్టి మాట పుస్తకమున కనిపించినప్పుడు అది వానికి పరభాషతో సమానమే. ఈ దూరమును గుర్తింపక బిడ్డను మందమతి యనుట న్యాయము కాదు.

రెండు లిపుల వలన కలుగు చిక్కులు

తమిళలిపిలో క, గ అను రెండు ధ్వనులకును ఒకే అక్షరము. అట్లే చ, జ లకు ఒకటి. ట, డ లకు ఒకటి. త, ద లకు ఒకటి. ప, బ లకు ఒకటి. మాటలో ఆ యక్షరమున్న స్థానమునుబట్టి తమిళులు దాని ధ్వనిని తెలిసికొందురు. తెలుగులో ఈ ధ్వనులకు వేర్వేరు అక్షరములు కలవు. అక్షరము మారినచో అర్థము మారును. వీధి పలకలమీదను, బస్సులమీదను తమిళాక్షరములను ముందుగా నేర్చిన పిల్లవాడు తెలుగు వ్రాయునప్పుడు "బడి"ని "పడి" యనియు, "గాలి"ని "కాలి" యనియు, "గంప"ను "కంప" యనియు వ్రాయుట కలదు. ఇది అజ్ఞానము కాదు. ఒక లిపిలో సరియైన నియమమును రెండవ లిపికి అన్వయించుటయే ఇందలి పొరపాటు. ఆలోచించు బుద్ధి యున్న బిడ్డయే ఇట్టి పొరపాటు చేయును.

దీనికి ఎఱ్ఱసిరాతో కొట్టివేయుట మందు కాదు. చెవికి, నోటికి అభ్యాసము కావలెను. పిల్లవానిని తన గొంతుపై వ్రేళ్లుంచుకొని "ప" యనియు "బ" యనియు పలుకుమనవలెను. "బ" యనునప్పుడు గొంతులో కదలిక వ్రేళ్లకు వెంటనే తెలియును. "ప" యనునప్పుడు ఆ కదలిక ఆలస్యముగా, అచ్చుతో గాని కలుగదు. అట్లే క-ఖ, త-థ భేదమును తెలుపుటకు నోటియెదుట పలుచని కాగితపు ముక్కను పట్టవలెను. "ఖ", "థ" అనునప్పుడు ఊపిరి తాకి కాగితము మిక్కిలిగా కదలును. ఇట్లు కాలి-గాలి, పడి-బడి, కంప-గంప, తండ-దండ అను జంటలను దినమునకు ఐదేసి చొప్పున వినిపించి, పలికించి, వ్రాయించినచో కొన్ని వారములలోనే మార్పు కనిపించును.

లిపియే కాదు, మాటలును తికమక పెట్టును. "అవసరము" అనగా తెలుగున అక్కఱ. అదే మాటకు తమిళమున త్వర యని యర్థము. "ఎన్ని రూపాయలు అవసరము?" అని లెక్కలో అడిగినప్పుడు తమిళపుటర్థము మనసులో నున్న పిల్లవాడు తడబడుట సహజము. లెక్కల పరిభాష కూడ అట్టిదే. మనము కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము అందుము. తమిళమున వానిని కూట్టల్, కళిత్తల్, పెరుక్కల్, వగుత్తల్ అందురు. నడుమ బడి మారి వచ్చిన బిడ్డకు లెక్క తెలిసియు, లెక్క పేరు తెలియకపోవచ్చును. అట్టి విద్యార్థికి నూరు లెక్కలు మరల చేయించుట వ్యర్థము. రెండు భాషల పేర్లను ప్రక్క ప్రక్కన వ్రాసిన ఒక పట్టికను తరగతి గోడకు తగిలించుట ఉత్తమము.

గిడుగువారు చూపిన మార్గము

పిల్లవాని భాషనుండి పాఠము నారంభింపవలెనను సత్యమును ఆచరణలో చూపిన తెలుగు ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన 1863లో జన్మించి 1940లో కీర్తిశేషులైరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండగా చుట్టుపట్ల కొండలలో నివసించు సవరల దుస్థితిని చూచిరి. వారి పిల్లలకు విద్య గరపవలెనన్నచో ముందు తాను వారి భాషను నేర్వవలెనని నిశ్చయించి, కష్టపడి దానిని నేర్చిరి. ఆ భాషలో వాచకములు వ్రాసిరి. దానితోనే బోధించు పాఠశాలలను స్థాపించిరి. 1931లో సవరభాషకు వ్యాకరణ గ్రంథమును ప్రకటించిరి. ఆ కొండలలో సోకిన మలేరియాజ్వరమునకు వాడిన క్వినైను మందువలన ఆయన వినికిడి చెడిపోయినను పని మానలేదు.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. సవర పిల్లలు తెలుగు పాఠమును గ్రహింపలేనప్పుడు, వారికి బుద్ధి లేదని ఆయన యనలేదు. బోధించువాని భాషయే అడ్డమై యున్నదని గ్రహించి, ఆ యడ్డమును తొలగించిరి. నాడు ఉపాధ్యాయుని భాష తెలుగు, పిల్లవాని భాష సవర. నేడు మన పాఠశాలలో పుస్తకపు తెలుగు ఒక వైపు, ఇంటి తెలుగు మఱొక వైపు నున్నవి. పిల్లవాడు తన ఇంటి మాటతో జవాబు చెప్పినప్పుడు ముందు ఆ జవాబును అంగీకరించి, పిమ్మట పుస్తకపు మాటను దానికి జతచేయుట మన కర్తవ్యము. నవ్వినచో వాడు మఱల నోరు విప్పడు.

కన్ను, చెవి, అక్షరము

అయితే వెనుకబాటునకంతకు భాషయే కారణమనుకొనుట మఱియొక ప్రమాదము. మన ప్రాంతమున ఈ ప్రమాదము తఱచుగా కలుగును. బిడ్డ చదువలేకపోయినప్పుడు "తెలుగు, తమిళము కలిసి తికమకపడుచున్నాడు, పెద్దవాడైనచో సరిపోవును" అని ఇంటివారు ఊరకుందురు. ఆ మాట చాటున కంటిజబ్బును, చెవిజబ్బును ఏండ్ల తరబడి దాగియుండును.

హ్రస్వదృష్టి గల పిల్లవానికి దూరపు వస్తువులు మసకగా కనిపించును. నల్లబల్ల వానికి కనబడదు. కాని అట్లు చూచుటకే అలవాటుపడినందున తనకు చూపు తక్కువని వానికే తెలియకపోవచ్చును. కన్నులు చికిలించి చూచుట, పుస్తకమును ముక్కునకు దగ్గరగా పట్టుకొనుట, బల్లమీది వ్రాతను వదలి ప్రక్కవాని వ్రాతను ఎక్కించుకొనుట దీని గుర్తులు. హాలెండు దేశపు నేత్రవైద్యుడు స్నెల్లెన్ 1862లో వరుసవరుసకు చిన్నవగు అక్షరముల పటము నొకదానిని కూర్చెను. ఆరు మీటర్ల దూరమున నిలువబెట్టి ఒక్కొక్క కన్నునకు వేరుగా ఆ పటమును చదివించుట నేటికిని వాడుకలో నున్నది. అక్షరములు రాని పిల్లలకు గుర్తుల పటములు కలవు. ఏడాదికొకమారు ప్రతి విద్యార్థికిని ఈ పరీక్ష జరుపుట పాఠశాలకు అసాధ్యము కాదు. ఒక జత కండ్లద్దములతో తరగతిలో వెనుకనున్నవాడు ముందునకు రావచ్చును.

చెవి విషయమును అట్టిదే. చెవిలో చీము కారుచుండు బిడ్డ కొన్ని దినములు బాగుగ వినును, కొన్ని దినములు వినలేడు. పెద్దలు దానిని పెంకితనమనుకొందురు. వెనుకనుండి మెల్లగా పిలిచినప్పుడు తిరుగని బిడ్డను, మాటిమాటికి "ఏమి?" అని యడుగు బిడ్డను, పలుకువాని పెదవులనే చూచు బిడ్డను వైద్యునికి చూపవలెను. చీము కారు చెవిలో నూనె కాచి పోయరాదు.

మూడవది అక్షరములకు సంబంధించిన చిక్కు. 1896లో ఇంగ్లండు దేశపు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ పదునాలుగేండ్ల బాలుని గూర్చి ఒక వైద్యపత్రికలో వ్రాసెను. ఆ బాలుడు తెలివిగలవాడు, లెక్కలు చక్కగా చేయును, కన్నులు మంచివి. కాని ఎన్ని యేండ్లు నేర్పినను మాటలను చదువలేడు, వ్రాయలేడు. ఇట్టి స్థితిని నేడు డిస్లెక్సియా అనుచున్నారు. ఇది సోమరితనము కాదు, మందబుద్ధి కాదు. వీరికి అక్షరమును కన్నుతో మాత్రమే గాక చెవితో, నోటితో, చేతితో ఏకకాలమున నేర్పవలెను. ఇసుకలో వ్రేలితో వ్రాయించుచు ధ్వనిని పలికించు మన పాత వీధిబడుల పద్ధతి వీరికి తోడ్పడును.

బుద్ధిని కొలుచు పరీక్షలను గూర్చియు ఒక మాట చెప్పవలెను. వానిని మొదట కూర్చినవాడు ఫ్రాన్సు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బినే. 1905లో ఆయన వానిని సిద్ధపరచినది పిల్లలకు ముద్ర వేయుటకు కాదు. పారిసు బడులలో అదనపు సాయము ఎవరికి కావలెనో తెలిసికొనుటకు. బుద్ధి మార్పులేనిదని చెప్పువారిని ఆయన ఖండించెను. కొలత యేదైనను సాయమునకు దారి తీయవలెనేగాని వెలివేయుటకు సాధనము కారాదు.

రెండు భాషల గీటురాయి

భాషవలని చిక్కును, శరీరమునకు సంబంధించిన చిక్కును వేరు చేసి తెలిసికొనుట ఎట్లు? మన పిల్లలకు రెండు భాషలుండుటయే ఇచ్చట మనకు సాయపడును. చిక్కు ఒక భాషలో మాత్రమే కనిపించి, రెండవ భాషలో బిడ్డ చురుకుగా నున్నచో, అది చాలవరకు భాషాభ్యాసపు కొఱత. తమిళ పాఠమున మౌనముగా నుండి, ఇంటి తెలుగులో కథను చక్కగా చెప్పు బిడ్డకు కావలసినది తమిళ పదముల అభ్యాసము. అట్లుగాక రెండు భాషలలోను ఒకే విధమైన చిక్కు కనిపించినచో, ఇంటిలో తల్లి మాటను సహితము బిడ్డ సరిగా అందుకొనలేకున్నచో, తెలుగు, తమిళాక్షరములు రెండును ఎన్ని నెలలకును నిలువకున్నచో, భాషను నిందించి ఊరకుండరాదు. అప్పుడు కన్నును, చెవిని పరీక్షింపించి, అవి మంచివైనచో ప్రత్యేక విద్యోపాధ్యాయునికి చూపవలెను.

ఈ గీటురాయి తుది తీర్పు కాదు. ఎటు వెదకవలెనో చూపు తొలి గుర్తు మాత్రమే. దీనిని ప్రయోగించుటకు ఉపాధ్యాయునికి బిడ్డ ఇంటి మాట తెలియవలెను. తల్లిదండ్రులు బడికి వచ్చి మాటలాడిననేగాని అది తెలియదు.

పాఠశాల చేయదగిన సాయము

కారణము తెలిసిన పిమ్మట చేయదగిన పనులు పెద్దవి కావు. దినమునకు అరగంట చొప్పున ఐదాఱుగురు విద్యార్థులకు వేరుగా పాఠము చెప్పుట మొదటిది. ఆ సమయమున తరగతి పాఠమునే వేగముగా మరల చెప్పక, బిడ్డ ఎచ్చట ఆగెనో అచ్చటినుండి ఆరంభింపవలెను. ఏడవ తరగతి విద్యార్థికి ద్విత్వాక్షరములు రానిచో, అవి నేర్పుటకు సిగ్గుపడరాదు.

రెండవది తోటివారి సాయము. పై తరగతి విద్యార్థి క్రింది తరగతివానికి నేర్పుట మన దేశమునకు క్రొత్త కాదు. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు 1789 మొదలు చెన్నపట్టణపు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర పాఠశాలకు అధికారిగా నుండెను. వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరములు వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన పాఠశాలలో ప్రవేశపెట్టి, పెద్ద విద్యార్థులచే చిన్నవారికి పాఠములు చెప్పించెను. 1797లో లండనున దానిని గూర్చి గ్రంథము ప్రకటింపగా, అది "మద్రాసు పద్ధతి" యను పేర ఆంగ్లదేశమున వ్యాపించెను. చెప్పువానికిని ఇందు లాభము కలదు: ఒకనికి బోధించిననేగాని తనకు ఎంత తెలిసినదో ఎవనికిని తెలియదు. అయితే ఇది ఉపాధ్యాయునికి బదులు కారాదు, తోడు కావలెను.

మూడవది ఆహారము. ఆకలిగొన్న బిడ్డకు అక్షరమెక్కదు. 1920లో చెన్నపట్టణ నగరసభాధ్యక్షుడుగా నుండిన పిట్టి త్యాగరాయచెట్టిగారు థౌజండు లైట్సులోని నగరపాలక పాఠశాలలో పిల్లలకు భోజనమేర్పాటు గావించిరి. ఆయన తెలుగు దేవాంగ కుటుంబమువారు. 1956లో కామరాజు ప్రభుత్వము ఆ పనిని రాష్ట్రమంతట ఆరంభించెను, 1982లో ఎం.జి.రామచంద్రన్ కాలమున అది విస్తృతమయ్యెను. 2022 సెప్టెంబరు 15న మధురలో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయాహార పథకము ఆరంభమయ్యెను. బడిలో తినుట చిన్నతనమని తలంచి ఉత్తకడుపుతో కూర్చుండు బిడ్డలకు ఈ చరిత్రను చెప్పవలెను.

చట్టమిచ్చిన హక్కులు

ఈ సాయము పాఠశాల దయ కాదు, బిడ్డ హక్కు. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము, ఆరేండ్లు దాటియు బడిలో చేరని బిడ్డను, నడుమ మానిన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని, తోటివారిని అందుకొనుటకు ప్రత్యేక శిక్షణ నీయవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అక్షరసంబంధమైన అభ్యసన వైకల్యమును కూడ వైకల్యముగా గుర్తించి, దానిని వీలైనంత త్వరగా కనుగొనవలెనని విద్యాసంస్థలను ఆదేశించినది. పరీక్షలో అదనపు సమయము, వ్రాసిపెట్టువాని సాయము, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు వంటి సౌకర్యములను అందు పేర్కొన్నారు. ఇవి అడిగిననేగాని రావు. అడుగుటకు వైద్యుని ధ్రువపత్రము ముందుగా సంపాదింపవలెను. పదవ తరగతి పరీక్షకు నెల ముందు పరుగెత్తుట ఆలస్యమగును.

తమిళనాట 2006 నాటి చట్టమువలన తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా నిర్బంధ పాఠ్యాంశమయ్యెను. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు న్యాయస్థానములు కొన్ని సంవత్సరములలో పదవ తరగతి తమిళ పరీక్షనుండి మినహాయింపు నిచ్చినవి. ఏటేట మినహాయింపు కొఱకు ఎదురుచూచుచు కూర్చుండుటకన్న, తెలుగును వదలక తమిళమును చక్కగా నేర్చుటయే మన పిల్లలకు క్షేమము. అయితే తమిళము నేర్పువారు, తెలుగు ఇంటినుండి వచ్చిన బిడ్డ దానిని రెండవ భాషగా నేర్చుచున్నాడని గుర్తుంచుకొనవలెను.

తల్లిదండ్రులకు మనవి

1. బిడ్డను "మొద్దు" అని ఎన్నడును పిలువకుడు. ఇతరుల యెదుట అసలే పిలువకుడు.

2. ఇంటిలో తెలుగు మానుకొనకుడు. తెలుగు మానినచో తమిళము త్వరగా వచ్చునను మాట నిజము కాదు. మాతృభాషలో మాటలు, కథలు, లెక్కలు బాగుగ ఎఱిగిన బిడ్డకే రెండవ భాష సులభమగును.

3. మీకు చదువు రాకున్నను సాయపడవచ్చును. రాత్రి భోజనవేళ "ఈనాడు బడిలో ఏమి చెప్పిరి?" అని యడిగి, బిడ్డ చెప్పునంతసేపు వినుడు.

4. బిడ్డ కన్నులో, చెవిలో, మాటలో ఏ భేదము గమనించినను ఉపాధ్యాయునితో చెప్పుడు. దాచుట మర్యాద కాదు.

5. కోతల కాలమున, మిల్లులో పని దొరకినప్పుడు, చంటిబిడ్డను చూచుకొనుటకు పెద్దపిల్లను బడి మాన్పింపకుడు. వారము దినములు పోయిన పాఠము నెల దినములకును తిరిగి రాదు.

విద్యార్థులారా! మీ ప్రక్కన కూర్చున్నవాడు చదువలేక తడబడినప్పుడు నవ్వకుడు. బల్లమీది వ్రాత కనబడకున్నచో, చెప్పినది వినబడకున్నచో, మాట యర్థము కాకున్నచో లేచి నిలిచి చెప్పుడు. "తెలియలేదు" అనుట తప్పు కాదు. ఆ మాట విన్న పిమ్మటనేగాని ఉపాధ్యాయుడు మీకు ఎచ్చట అడ్డము వచ్చినదో కనుగొనలేడు. మన భాషవారము ఈ సీమలో కొలదిమందిమే. మనలో ఒక్క బిడ్డ బడి విడిచినను తెలుగు చదువువారి వరుసలో ఒక స్థానము ఖాళీయగును. ఆ స్థానము ఖాళీ కాకుండ చూచుట బడికిని, ఇంటికిని సమానమైన బాధ్యత.